మార్జాలకిశోర న్యాయం చెప్పే ఇంట పిల్లి వీధిపాలు కావచ్చునా?

తిరుపతిలో శరణాగతిని గురించి ప్రవచనం జరిగే చోట మార్జాలకిశోర న్యాయం ప్రస్తావనకు రాకుండా ఉండదు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూన ఏమీ పట్టుకోదు. తల్లే దానిని నోట కరచుకొని క్షేమమైన చోటికి చేరుస్తుంది. మోక్షానికి జీవుని ప్రయత్నం కొంత అవసరమా, లేక భగవంతుని నిర్హేతుక కృపయే చాలునా అన్న ప్రశ్నపై రామానుజుల అనంతరం శ్రీవైష్ణవం రెండు శాఖలయింది. వేదాంతదేశికులను అనుసరించిన వడగలై వారికి మర్కటకిశోర న్యాయం, పిళ్ళై లోకాచార్యులను, మణవాళ మహామునులను అనుసరించిన తెంగలై వారికి మార్జాలకిశోర న్యాయం సంకేతాలయ్యాయి. వాదం శతాబ్దాల పాటు సాగింది. కాని ఆ వాదంలో ఒక విషయాన్ని ఏ పక్షమూ కాదనలేదు: తల్లిపిల్లి తన కూనను వదలదు.

ఈ ఉపమానాన్ని విని కన్నీరు పెట్టుకునే భక్తులు అనేకులు. వారిలో పిల్లిని పెంచే గృహస్థులూ ఉన్నారు. తెల్లవారుజామున సుప్రభాతం వినబడే వేళకు వారి ఇంటి తలుపు తెరుచుకుంటుంది, పిల్లి వీధిలోకి పోతుంది. కొన్ని దినాలు అది తిరిగి వస్తుంది. ఒక దినం రాదు. అప్పుడు "దాని ఆయుష్షు అంతే" అన్న మాట ఆ ఇంట వినబడుతుంది. తల్లిపిల్లి చేయని పనిని, తల్లిపిల్లిని ఆదర్శంగా చెప్పుకునే మనిషి చేస్తున్నాడు.

పెంపుడు పిల్లిని ఇంటిలోపలే ఉంచి సంరక్షించడం గృహస్థధర్మం. దైవం పేరుతోనో, స్వేచ్ఛ పేరుతోనో, కర్మ పేరుతోనో దానిని వీధికి వదలడం వేదాంతం కాదు, బాధ్యతను దించుకోవడం. ఇది సిద్ధాంతం. దీనికి విరుద్ధంగా భక్తుల నోట వినబడే వాదాలను పూర్వపక్షాలుగా స్వీకరించి ఒక్కొక్కటిగా పరీక్షించవలసి ఉంది.

దేశకాలముల విచారణ

ధర్మనిర్ణయంలో దేశకాలాలను విచారించకుండా ముందుకు పోరాదు. "మా తాతల నాటి పిల్లి ఊరంతా తిరిగేది, దానికేమయింది?" అనేవారు ఆ నాటి ఊరిని మరచిపోతున్నారు. ఆ ఇంటికి పెంకుల కప్పు, గాదె, పెరడు, పశువుల కొట్టం ఉండేవి. వీధిలో నడిచేది ఎద్దులబండి. పిల్లికి గాదె చుట్టూ తిరిగే ఎలుకలే ఆహారం, అటకే నివాసం. పేరుకు ఊరంతా తిరిగినా, దాని దినచర్య చాలవరకు ఇంటి కప్పు కిందనే సాగేది.

నేటి తిరుపతి అది కాదు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుండి విడివడి వేరొక జిల్లాకు కేంద్రమైన ఈ నగరానికి దేశం నలుమూలల నుండి యాత్రికుల వాహనాలు వస్తూనే ఉంటాయి. పూతలపట్టు–నాయుడుపేట రహదారి, చెన్నై–బెంగళూరు మార్గంలో చిత్తూరు, పలమనేరుల మీదుగా సాగే లారీలు, అలిపిరి వైపు బారులు తీరే బస్సులు ఏ పిల్లి కొరకూ ఆగవు. పైగా పిల్లి స్వభావతః సంధ్యాచారి. ప్రాతఃసంధ్యలోను, సాయంసంధ్యలోను అది అధికంగా సంచరిస్తుంది. వాహనచోదకునికి చూపు సరిగా ఆననిది సరిగ్గా ఆ వేళల్లోనే. గృహస్థుడు సంధ్యావందనానికి కూర్చున్న ముహూర్తమే అతని పిల్లికి అత్యంత ప్రమాదకరమైన ముహూర్తం.

రహదారి ఒక్కటే అపాయం కాదు. ఆగిన కారు కింద వెచ్చదనానికి చేరి, బండి కదలగానే నలిగిపోయే పిల్లులున్నాయి. వీధికుక్కల గుంపు ఉంది. ఎలుకలకు పెట్టిన జింక్ ఫాస్ఫైడ్ వంటి విషం తిన్న ఎలుకను పట్టి, తానూ విషానికి బలి అయ్యే ప్రమాదం ఉంది. మామిడి తోటల పరిసరాల్లో పురుగుమందులున్నాయి. ఒక పిల్లి నుండి మరొక పిల్లికి వ్యాపించి కూనలను మూకుమ్మడిగా కబళించే పాన్‌ల్యుకోపీనియా ఉంది. పోట్లాటల్లో కాటు ద్వారా సంక్రమించి రోగనిరోధక శక్తిని హరించే వైరస్ ఉంది. వీటన్నిటినీ మించి రేబీస్ ఉంది. ఆ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత పిల్లికే కాదు, అది కరచిన మనిషికి కూడా చికిత్స దాదాపు లేనట్లే.

నగరానికి ఆనుకొని శేషాచల అరణ్యం ఉంది. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంగా, 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటింపబడిన ఈ అడవిలో చిరుతలు నివసిస్తాయి. కపిలతీర్థం, అలిపిరి పరిసరాల్లో కొండపాదాన్ని ఆనుకొని ఉన్న ఇళ్లకు అడవి పొరుగిల్లే. చిరుతకు కుక్క ఎంతో, పిల్లీ అంతే.

ప్రథమ పూర్వపక్షం: "స్వామి చూసుకుంటాడు"

భక్తుల నోట మొదట వచ్చే మాట ఇదే. దీనికి సమాధానం స్వామి మెట్ల మీదనే లభిస్తుంది.

2023 ఆగస్టులో అలిపిరి కాలినడక మార్గంలో ఆరేళ్ల బాలిక చిరుత దాడిలో ప్రాణం కోల్పోయింది. ఆ దుఃఖం తరువాత తిరుమల తిరుపతి దేవస్థానం ఏమి చేసింది? అటవీశాఖతో కలిసి బోనులు పెట్టించి చిరుతలను పట్టించింది. పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తరువాత నడకదారిలోకి అనుమతించలేదు. నడిచే భక్తుల చేతికి కర్రలనిచ్చింది. ఆ నియమాలను చూసి "ఇది స్వామిపై అవిశ్వాసం" అని నిందించడం ఏ భక్తునికీ ఉచితం కాదు. గోవిందనామం పలుకుతూనే తల్లిదండ్రులు బిడ్డల చేయి వదలకుండా నడిచారు. సాక్షాత్తు ఏడుకొండలవాని సోపానాల మీద జాగ్రత్త భక్తికి విరోధం కానప్పుడు, తిలక్ రోడ్డు పక్క ఇంటి గడప వద్ద ఎట్లా విరోధమవుతుంది?

శాస్త్రదృష్టితో చూసినా ఈ వాదం నిలువదు. శరణాగతికి ఆరు అంగాలు చెప్పబడ్డాయి: ఆనుకూల్య సంకల్పం, ప్రాతికూల్య వర్జనం, రక్షిస్తాడనే మహావిశ్వాసం, గోప్తృత్వ వరణం, ఆత్మనిక్షేపం, కార్పణ్యం. ఈ ఆరింటా శరణాగతుడు సమర్పించేది తనను. తన అహంకారాన్ని, తన భారాన్ని అతడు భగవంతుని పాదాల వద్ద ఉంచుతాడు. తనను నమ్మి ఇంట చేరిన మరొక ప్రాణి భారాన్ని వీధిలో ఉంచమని ఏ అంగమూ చెప్పలేదు. పైగా మొదటి అంగానికి సర్వభూతాల పట్ల అనుకూలంగా ఉండే సంకల్పమని, రెండవదానికి వాటికి ప్రతికూలమైనదానిని విడిచిపెట్టడమని పెద్దలు వివరణ చెప్పారు. ప్రాణాంతకమని తెలిసిన వీధిలోకి ప్రాణిని పంపడం ఆ రెండింటికీ భంగం.

మార్జాలకిశోర న్యాయంలో గృహస్థుని స్థానం ఏది? భగవంతుని ఎదుట అతడు కూన. తన ఇంటి పిల్లి ఎదుట అతడు తల్లి స్థానంలో ఉన్నాడు. ప్రతి పల్లెలోనూ తెలిసిన సంగతి ఒకటుంది: ఈనిన పిల్లి తన కూనలను ఏడిళ్లు మారుస్తుందంటారు. అటక మీద, బస్తాల వెనుక, చీకటి మూలలో దాస్తుంది. అపాయం శంకించిన క్షణం నోట కరచుకొని మరొక చోటికి తరలిస్తుంది. కూన అరుస్తుంది, కాళ్లు విదిలిస్తుంది, బయటికి పాకాలని చూస్తుంది. తల్లి దాని అరుపును విని విడిచిపెట్టదు. న్యాయానికి ఆధారమైన ఆ దృశ్యంలో ఉన్నది లోపల దాచడమే. బయటికి వదలడం అందులో లేదు. కనుక తలుపు మూసే గృహస్థుడే ఆ న్యాయాన్ని ఆచరిస్తున్నవాడు.

ద్వితీయ పూర్వపక్షం: "బంధించడం హింస, స్వేచ్ఛ దాని హక్కు"

ముముక్షువుకు స్వేచ్ఛ అన్న పదం ప్రియమైనది. అందువల్లనే ఈ వాదం ఆకర్షిస్తుంది. కాని స్వైరసంచారం వేరు, స్వాతంత్ర్యం వేరు. ఇంద్రియాలు లాగిన దిక్కుకు పోవడాన్ని ఏ దర్శనమూ ముక్తి అనలేదు. ఎలుక వాసనకు ఆకర్షింపబడి రహదారి దాటే పిల్లిని స్వతంత్రమని కీర్తించేవారు, అదే లక్షణాన్ని మనిషిలో చూస్తే విషయలోలత్వమంటారు.

అయితే ఈ పూర్వపక్షంలో సత్యాంశం లేకపోలేదు. ఇరుకు బోనులో పెట్టి, ఆడుకోవడానికి ఏమీ లేకుండా, కిటికీ కూడా లేని గదిలో పిల్లిని ఉంచడం నిశ్చయంగా హింసే. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం కూడా ప్రాణి కదలడానికి చాలినంత చోటు లేని బోనులో ఉంచడాన్ని నేరంగా పరిగణిస్తుంది. కాని దోషం లోపల ఉంచడంలో లేదు, లోపల ఏమీ లేకపోవడంలో ఉంది. ఎక్కడానికి ఎత్తైన అరలు, గోళ్లు గీరుకోవడానికి నారతాడు చుట్టిన కొయ్య, దాగడానికి అట్టపెట్టె, ఎండపొడ పడే కిటికీ, దినానికి రెండు మార్లు దానితో ఆడే మనిషి ఉంటే ఇల్లు చెర కాదు. ఆశ్రమవాసి తన కుటీరాన్ని చెర అనుకోడు. అతనికి అక్కడ కావలసినది ఉంది గనుక.

గృహస్థులు ఒక విడ్డూరాన్ని గమనించవలసి ఉంది. తద్దినం నాడు వంటలు ముట్టకుండా పిల్లిని గంప కింద మూసిపెట్టే ఆచారం గురించిన కథ తెలుగువారందరికీ తెలిసినదే. కారణం మరచిన తరువాతి తరం, గంప కింద పిల్లి ఉంటేనే తద్దినం పూర్తవుతుందని భావించి పక్కింటి పిల్లిని వెదికి తెచ్చిందంటారు. అంధానుకరణను ఎత్తిచూపడానికే ఈ కథ చెబుతారు. కాని అందులో మరొక పాఠమూ ఉంది. మనిషి సౌకర్యం కోసం పిల్లిని మూసిపెట్టడానికి ఎవరికీ స్వేచ్ఛ గుర్తుకు రాలేదు. పిల్లి ప్రాణం కోసం తలుపు మూయమన్నప్పుడే స్వేచ్ఛ గుర్తుకు వస్తున్నది.

తృతీయ పూర్వపక్షం: "వేట దాని స్వధర్మం, తనను తాను కాపాడుకోగలదు"

పిల్లి వేటగాడన్నది నిజం. వేటగాడు మరొకరికి వేట కాదన్నది అబద్ధం. మహాభారతం శాంతిపర్వంలో ఆపద్ధర్మాన్ని ఉపదేశిస్తూ భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన మార్జాల మూషిక సంవాదమే ఇందుకు ప్రమాణం. మర్రిచెట్టు మీద నివసించే లోమశమనే పిల్లి సామాన్యమైనది కాదు, చురుకైనది, బలమైనది. అయినా ఆహారానికి ఆశపడి వేటగాని వలలో చిక్కుకుంది. పలితమనే ఎలుక వల కొరికితే తప్ప దాని ప్రాణం దక్కలేదు. అరణ్యంలో పుట్టి పెరిగిన పిల్లి గతి అది. పళ్లెంలో పాలు పోస్తే తాగి మెత్తని పరుపు మీద నిద్రించే పెంపుడు పిల్లికి వీధి ఎత్తులన్నీ తెలుసుననడం సాహసం. వీధిలో వల కొరికే పలితం ప్రతిసారీ దొరకదు.

ఈ వాదంలో ఇంతకన్నా గంభీరమైన దోషం ఒకటుంది. వేట దాని స్వధర్మమే కావచ్చు. తలుపు తెరిచే గృహస్థుని స్వధర్మం అహింస. పతంజలి యోగసూత్రాలు హింసను మూడు విధాలుగా విభజించాయి: తాను చేసినది, ఇతరులచే చేయించినది, ఇతరులు చేయగా అంగీకరించినది. కృత, కారిత, అనుమోదిత హింసలు మూడూ సాధకునికి వర్జ్యాలే. అడవిపిల్లి చేసిన వేటలో మనిషికి పాలు లేదు. అది ప్రకృతి. కాని మనిషి తెచ్చి, మనిషి పోషించి, మనిషి సంఖ్య పెరగనిచ్చిన పెంపుడు పిల్లి కొండపాదంలో చేసే వేటకు అనుమోదన దోషం నుండి తప్పించుకోవడం సులభం కాదు.

శేషాచలం సామాన్యమైన అడవి కాదు. బంగారు వన్నె బల్లి తిరుమల కొండల రాతి పగుళ్లలో నివసిస్తుంది. దక్షిణభారతంలోని రాతికొండల్లో మాత్రమే కనబడే పసుపు గొంతు పికిలిపిట్టకు ఇది ఒక నెలవు. ఉడుతలు, తొండలు, నేలపై గూడు కట్టే పక్షులు ఇక్కడి మూగజీవులు. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. దానికి ఆకలి, వేట రెండూ వేర్వేరు ప్రేరణలు. రామసేతువు కట్టిన ఉడుత కథ పిల్లలకు చెప్పి, మరునాడు పిల్లి నోట ఉడుతను చూసి నవ్వుకునే ఇంట ఆ కథకు అర్థం మిగలదు.

చతుర్థ పూర్వపక్షం: "ప్రారబ్ధాన్ని ఎవరు తప్పించగలరు?"

ప్రారబ్ధం అనుభవించిన తరువాత తెలిసేది, ముందుగా చేతులు ముడుచుకోవడానికి చెప్పినది కాదు. యోగవాసిష్ఠం ముముక్షు వ్యవహార ప్రకరణంలో వసిష్ఠుడు శ్రీరామునికి పౌరుషాన్ని ఎంత బలంగా బోధించాడో సాధకులకు తెలుసు. దైవమని చేతులు ముడిచి కూర్చోవడాన్ని ఆయన మూఢత్వంగా నిరాకరించాడు. ఇంటి పెద్దకు గుండెనొప్పి వస్తే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి పరుగెత్తేవారు దారిలో ప్రారబ్ధాన్ని గురించి చర్చించరు. తనకు పౌరుషం, పిల్లికి ప్రారబ్ధం అని పంచిపెట్టడం వేదాంతం కాదు, పక్షపాతం. బ్రాహ్మణునిలో, గోవులో, ఏనుగులో, కుక్కలో సమమైనదానిని చూసేవాడే పండితుడని గీతాచార్యుడు ఉపదేశించాడు. ఆ సమదర్శనం పిల్లి వద్దకు వచ్చేసరికి ఆగిపోరాదు.

పంచమ పూర్వపక్షం: "జడభరతుని గతి పడుతుంది"

ఇది సాధకులు చెప్పే వాదం, కనుక ఆదరంతో పరిశీలించవలసినది. ప్రవాహంలో పడిన లేడికూనను రక్షించిన భరతుడు దానిపై సంగం పెంచుకొని, దానినే స్మరిస్తూ దేహం చాలించి, లేడిగా జన్మించాడని భాగవతం చెబుతున్నది. కనుక పిల్లిని ఇంత శ్రద్ధగా చూడడం బంధహేతువు కాదా?

భాగవతం భరతుని దేనికి తప్పుపట్టింది? నీట కొట్టుకుపోతున్న కూనను ఎత్తినందుకు కాదు. నిత్యకర్మలు విడిచి, ధ్యానం విడిచి, కూన కనబడకపోతే మనస్సు చెదిరి తపించినందుకు. ఇప్పుడు రెండు ఇళ్లను పోల్చి చూడవచ్చు. పిల్లి లోపల క్షేమంగా ఉన్న ఇంట గృహస్థుడు నిశ్చింతగా జపానికి కూర్చుంటాడు. పిల్లి వీధిలో ఉన్న ఇంట ప్రతి బ్రేకు చప్పుడుకూ, ప్రతి కుక్క అరుపుకూ జపమాల ఆగుతుంది. భరతుడు అడవిలో కనబడని కూనను వెదకుతూ పడిన వ్యాకులత వదలిపెట్టిన పిల్లిని వెదికే ఇంటిలోనే కనబడుతుంది. సంగాన్ని తగ్గించేది క్రమబద్ధమైన సంరక్షణ. ఉపేక్షకు వైరాగ్యమని పేరు పెట్టినంత మాత్రాన అది వైరాగ్యం కాజాలదు.

జ్ఞానుల ఆచరణ ఏమిటో తిరువణ్ణామలై చెబుతుంది. శ్రీరమణాశ్రమ జీవితాన్ని తెలుగులో లేఖలుగా నిక్షిప్తం చేసిన సూరి నాగమ్మగారు 1947లో బరోడా మహారాణి పంపిన తెల్లని నెమలి ప్రసంగాన్ని రాశారు. దానిని చూసి భగవాన్ రమణులు మొదట సంతోషం ప్రకటించలేదు. ఇక్కడి నెమళ్లు దీనితో పోట్లాడతాయేమో, పిల్లుల బారి నుండి దీనిని ఎవరు కాపాడతారు అన్న ప్రశ్నలు ముందుగా వేశారు. దేహమే తాను కాదని లోకానికి చాటిన జ్ఞాని, ఒక పక్షి దేహానికి రక్షణ ఎవరిదని అడిగారు. స్వీకరించడానికి ముందే సంరక్షణను ఆలోచించడం ఆయన చూపిన క్రమం. ఆ ప్రశ్నలో సంగమూ లేదు, ఉపేక్షా లేదు.

బయటికి చెప్పని పూర్వపక్షం

పై అయిదు వాదాలూ బయటికి చెప్పేవి. తిరుపతి, చిత్తూరు ప్రాంతపు శాకాహార గృహాల్లో లోపల ఉన్న అసలు కారణం తరచుగా మరొకటి. పిల్లి మాంసాహారి. అది వీధిలోకి పోయి ఎలుకనో, పక్షినో తిని వస్తే ఇంటి మడికి భంగం లేదు. ఇంట్లోనే ఉంచితే దానికి ఏమి పెట్టాలన్న ప్రశ్న ఎదురవుతుంది. అందువల్ల పాలు, పెరుగన్నం ఇంట పెట్టి, మిగిలినది వీధికి వదిలేస్తారు. తలుపు తెరవడం వెనుక ఉన్నది దాని స్వేచ్ఛ కాదు, వంటింటి శుచి.

ఇక్కడ శాస్త్రం వాడిన ఒక కఠినమైన పదం గుర్తుకు రాక తప్పదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయం కపటధర్మాన్ని బైడాలవ్రతమన్నది. ఉద్యోగపర్వంలో గంగాతీరాన చేతులెత్తి తపస్సు నటించి ఎలుకలను నమ్మించి తిన్న పిల్లి కథ ఉంది. మహాబలిపురంలో పల్లవశిల్పులు ఏడవ శతాబ్దంలో చెక్కిన మహాశిలాచిత్రంలోనూ అట్టి తపస్వి పిల్లి, దాని చుట్టూ ఎలుకలు కనబడతాయి. పాపం, ఆ పేరు పిల్లిదయింది గాని వ్రతం మనిషిది. హింస తన గడప దాటి జరిగితే తనకు అంటదని లెక్కించే గృహస్థుడు కళ్లు మూసుకొని పాలు తాగే పిల్లికన్న భిన్నుడు కాడు.

పెరుగన్నం మీదనే పిల్లి బతుకుతుందని భావించడం మరొక హింస. పిల్లి దేహానికి టారిన్ అనే పదార్థం ఆహారం నుండే రావాలి. అది మాంసంలో ఉంది, అన్నంలో లేదు. అది కరువైతే కంటిచూపు క్రమంగా పోతుంది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లుల్లో గుండె కండరం బలహీనపడే వ్యాధికి కూడా ఈ లోపమే ఒక కారణమని నిరూపించారు. ఎదిగిన పిల్లులు అనేకం పాలను సరిగా జీర్ణించుకోలేవు కూడా.

కనుక గృహస్థుని ముందు రెండే నిజాయితీ గల మార్గాలున్నాయి. పిల్లికి తగిన సంపూర్ణాహారాన్ని, అవసరమైతే వంటింటికి దూరంగా వేరొక చోట, వేరొక పాత్రలో పెట్టి పోషించడం ఒకటి. తన ఆచారం అందుకు అంగీకరించకపోతే పిల్లిని పెంచకుండా ఉండడం రెండవది. రెండవ మార్గంలో అవమానం లేదు. ఆవును సేవించవచ్చు, పక్షులకు నీరు పెట్టవచ్చు. పిల్లిని ఇంటికి తెచ్చి, దాని ప్రకృతిని వీధికి అప్పగించే మూడవ మార్గం మాత్రం ధర్మం కాదు.

సిద్ధాంతం, అనుష్ఠానం

అనుష్ఠానానికి దిగని సిద్ధాంతం ప్రవచనంగానే మిగిలిపోతుంది. ఇంట చేరిన కూనను మొదటి దినం నుండే లోపల అలవాటు చేయాలి. బయటి లోకం రుచి ఎరుగని కూనకు ఇల్లే లోకం. ఏళ్ల తరబడి వీధిలో తిరిగిన పెద్ద పిల్లిని ఒక్క రాత్రిలో మూసివేయడం క్రూరత్వం. మొదట రాత్రులు, తరువాత సంధ్యావేళలు, ఆ తరువాత పూర్తిగా, వారాల వ్యవధిలో క్రమంగా అలవాటు చేయాలి. ఎవరి ఇంటికీ చెందని వీధిపిల్లుల విషయం వేరు. వాటికి ఆహారం, టీకా, సంతాన నియంత్రణ సమాజం చేయదగిన సేవ.

బాల్కనీకి, కిటికీలకు గట్టి వల బిగించాలి. బహుళ అంతస్తుల భవనాల్లో పక్షిని చూసి దూకి పడిపోయే పిల్లులు తక్కువ కాదు. ఎక్కడ పడినా కాళ్ల మీదనే పడుతుందన్న నమ్మకం దాని ఎముకలను కాపాడదు. ఇసుక తొట్టిని దినదినమూ శుభ్రపరచాలి. గర్భిణులు ఆ పనిని ఇతరులకు అప్పగించాలి. రేబీస్, పాన్‌ల్యుకోపీనియా టీకాలు వేయించాలి. తగిన వయస్సులో సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేయిస్తే జత కోసం తపించి తలుపు గీరే వేదన తగ్గుతుంది, అనాథలయ్యే కూనల సంఖ్యా తగ్గుతుంది. 1955 నుండి పశువైద్య కళాశాల ఉన్న తిరుపతిలో వైద్యుని సలహా దొరకదనే సాకు చెల్లదు.

ఇవన్నీ శ్రమ, వ్యయం. అందుకే వీటికి ధర్మమని పేరు. భారత రాజ్యాంగం 51ఎ అధికరణంలో జీవుల పట్ల కారుణ్యాన్ని ప్రతి పౌరుని కర్తవ్యంగా పేర్కొన్నది. భక్తునికి ఆ కర్తవ్యం రాజ్యాంగానికి ముందే తెలుసు. వంగదేశంలో బిడ్డలను కాపాడే షష్ఠీదేవికి పిల్లినే వాహనంగా భావించి పూజిస్తారు. తెలుగునాట అదే పిల్లి ఎదురైతే అపశకునమని నాలుగడుగులు వెనక్కి వేసేవారున్నారు. నిజానికి ఇంటి నుండి బయలుదేరే మనిషికి పిల్లి ఎదురు రావడం వల్ల వచ్చే అపాయం లేదు. వీధిలో పిల్లికి మనిషి బండి ఎదురు రావడమే అపాయం.

సాయంసంధ్యలో గోవిందరాజస్వామి ఆలయ గంట మ్రోగే వేళకు గృహస్థుడు చేయవలసిన పని చిన్నది. దీపం వెలిగించే ముందు పిల్లి ఇంట్లో ఉన్నదో లేదో చూసి, తలుపు గడియ పెట్టాలి. ఆ తరువాత శరణాగతి చేస్తే, తన ఆశ్రితుని తాను విడువనివాడు తనను విడువవద్దని భగవంతుని కోరడంలో అర్థముంటుంది.